గాలి చేతిలో చేట

పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. సముద్రపు ఒడ్డున తడి ఇసుక మీద వరుసలుగా ముడతలు చూశామనీ, ఇంటికి వచ్చాక పుస్తకంలోని ఎడారి బొమ్మలో కూడా అవే ముడతలు కనిపించాయనీ, నీళ్లే లేని చోటికి అలలు ఎలా వచ్చాయనీ అడిగారు. మీ ప్రశ్న చదివి ఎంతో సంతోషించాను, ఎందుకంటే సముద్రాన్నీ ఎడారినీ ఒకచోట చేర్చి చూడాలన్న ఆలోచన పెద్దవాళ్లలో చాలామందికి రాదు.

దీనికి జవాబు మీ వయసులో నేను కళ్లంలో చూశాను. పెద్దవాళ్లు ధాన్యాన్ని తూర్పారబట్టేటప్పుడు చేటను తలకన్నా ఎత్తుకు లేపి కొద్దికొద్దిగా జారవిడిచేవారు. గట్టి గింజ వారి కాళ్ల దగ్గరే రాలేది, తాలు గింజ కాస్త అవతల పడేది, పొట్టు ఎగిరి ఎక్కడికో పోయేది. ఒకసారి వద్దన్నా వినకుండా గాలి పోయే దిక్కున నిలబడి కళ్లనిండా ఊక పడేసుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా పని చేయనీయకుండా నన్ను గట్టు మీద కూర్చోబెట్టారు. ఎర్రబడిన కళ్లతో అలా చూస్తూ కూర్చున్నప్పుడే, ఎవరూ వేరు చేయకుండానే గాలి తనంతట తాను దేని కుప్ప దానికి పోస్తున్నదని నాకు తెలిసింది.

ఎడారిలో కూడా గాలి అదే చేట పట్టుకుని కూర్చుంది. గులకరాళ్లను అది కదిలించలేదు కనుక గట్టి గింజల్లా ఉన్నచోటనే వదిలేస్తుంది. అందుకే ఎడారి అంటే ఇసుకే అనుకోకండి. సహారాలో సైతం ఇసుక పరుచుకున్నది సుమారు నాలుగో వంతు నేలలోనే, మిగిలినదంతా రాతినేల, గులకనేల, కొండలు. మెత్తని ధూళిని మాత్రం గాలి పొట్టులా ఆకాశానికి ఎత్తేస్తుంది. సహారాలో లేచిన ధూళి అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి అమెజాన్ అడవుల మీద రాలి, అక్కడి చెట్లకు కావలసిన భాస్వరంలో కొంత అందిస్తున్నది. ఒక ఎడారి తనకు అక్కరలేదని ఊదేసిన దుమ్ము ఇంకో ఖండంలో అడవికి ఎరువు అవుతుందంటే, పనికిరానిదని దేనిని అనగలం చెప్పండి?

ఇక మధ్యలో మిగిలిన తాలు గింజే ఇసుక. అది పూర్తిగా ఎగరనూ లేదు, ఊరికే పడి ఉండనూ లేదు, అందుకని గెంతుతుంది. ఒక రేణువు లేచి, కొంత ముందుకు పోయి, పడుతూ పడుతూ మరికొన్నింటిని కొట్టి లేపుతుంది. 1930లలో లిబియా ఎడారిలో కార్లు నడుపుకుంటూ తిరిగిన రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారికి ఈ గెంతు మీద ఎంత ఆసక్తి కలిగిందంటే, ఇంటికి వెళ్లి గాలిని కావలసినట్టు వీయించే సొరంగం ఒకటి కట్టి, అందులో ఇసుక గెంతడాన్నే పరిశీలించి, 1941లో ఒక గ్రంథం ప్రచురించాడు. గెంతే ఇసుకలో చాలాభాగం నేలకు మీటరు ఎత్తు లోపే ఉంటుంది కనుక దారిలోని బండల మొదళ్లు ఎక్కువగా అరిగి, పైభాగం గొడుగులా మిగిలిపోవడం కూడా ఉంది.

గాలి కాస్త తగ్గిన చోట, ఒక పొద వెనుకో రాయి వెనుకో, ఇసుక ఆగుతుంది. ఆగిన ఇసుకే గాలికి అడ్డమై మరింత ఇసుకను ఆపుతుంది. అలా పెరిగిన తిన్నెకు గాలి వచ్చే వైపు ఏటవాలు మెల్లగా ఉంటుంది, అవతలి వైపు ఇసుక సుమారు 33 డిగ్రీల వాలున నిలిచి, అది మించితే జారిపోతుంది. ఇటు ఎక్కడం, అటు జారడం ఆగకుండా సాగడం వల్ల తిన్నె మొత్తం నడుస్తుంది. ఇసుక తక్కువగా ఉండే రెండు కొసలూ నడుమ కంటే త్వరగా నడిచి ముందుకు సాగడంతో అది నెలవంకలా వంగుతుంది. బర్ఖాన్ అనే ఆ తిన్నె కొమ్ములు ఎటు చూపితే గాలి అటు పోతుందని గుర్తు.

సముద్రం దగ్గర ఆ చేటను అల అందుకుంటుంది. అల ఒడ్డుకు ఏటవాలుగా వచ్చి ఇసుకను పైకి తోస్తుంది, నీరు మాత్రం తిన్నగా కిందికి జారుతుంది, కాబట్టి రేణువు రంపపు పళ్లలా మెలికలు తిరుగుతూ తీరం వెంట ప్రయాణిస్తుంది. ఇంగ్లండ్ దక్షిణ తీరాన చెసిల్ అనే గులకరాళ్ల గట్టు సుమారు 29 కిలోమీటర్లు పొడవు ఉంది. పడమటి కొసన రాళ్లు బఠాణీ గింజంత, తూర్పు కొసన పిడికిలంత, నడుమ అంతా వరుసగా పెరుగుతూ పోతాయి. వెనుకటి రోజుల్లో చీకట్లో ఒడ్డు చేరిన జాలరులు చేతికి తగిలిన రాయి పరిమాణాన్ని బట్టి తాము ఎక్కడ దిగారో చెప్పగలిగేవారట. ఏ చేటా ఇంత జాగ్రత్తగా చెరగలేదు.

అల రాతికొండలను కూడా వదలదు. పగుళ్లలో దూరి గుహ తొలుస్తుంది, గుహ అవతలికి తెరుచుకుంటే తోరణమవుతుంది, తోరణం పైకప్పు కూలితే ఒంటి స్తంభం మిగులుతుంది. ఆస్ట్రేలియాలో వంతెనలాంటి అటువంటి తోరణం 1990 జనవరిలో కూలినప్పుడు సముద్రం వైపు చిక్కుకున్న ఇద్దరిని హెలికాప్టర్‌లో తీసుకురావలసి వచ్చింది. మాల్టా దేశంలోని పేరుపొందిన తోరణం 2017 మార్చిలో తుఫానుకు పడిపోయింది. అటువంటి చోట్ల అంచుల మీదికి ఎక్కకండి. ఇసుక దిబ్బల మీద పాకే తీగలనూ గడ్డినీ పీకకండి, గాలి నుంచి ఇసుకను కాచి పట్టుకున్నవి అవే.

ఇప్పుడు మీ ముడతల సంగతి. రెండు వైపులా వాలు ఒకేలా ఉంటే నీరు ముందుకూ వెనక్కూ ఊగిందని అర్థం, ఒక వైపు మెల్లగానూ ఒక వైపు నిటారుగానూ ఉంటే గాలి గానీ ప్రవాహం గానీ ఒకే దిక్కుకు నడిచిందని అర్థం. అయితే పొడి ఇసుక మీద గాలి వేసిన ముడతల దగ్గర మాత్రం నా చేట నాకు సాయపడదు, ఎందుకో మీరే కనిపెట్టాలి. ఈసారి ఒడ్డుకు వెళ్లినప్పుడు భూతద్దం తీసుకుని, గాలికి ఇసుక కదులుతున్న వేళ మోకాళ్ల మీద కూర్చోండి. ముడత శిఖరం మీద ఉన్నవి పెద్ద రేణువులా, చిన్నవా? పల్లంలో ఉన్నవి ఏవి? రెండు చోట్ల నుంచీ చిటికెడు చిటికెడు ఇసుక తీసి, వేర్వేరు కాగితాల్లో మడిచి, ఏది ఎక్కడిదో రాసి నాకు పంపండి.

మీ
తాతయ్య