బాండు, నోటీసు పీరియడ్ల వెనుక ఉన్న చరిత్ర

ఇన్నేళ్లలోపు మానేస్తే డబ్బు కడతానని చేరిన రోజునే రాయించుకునే బాండు, మూడు నెలల నోటీసు పీరియడ్, పని నుంచి విడుదల చేశామంటూ కంపెనీ ఇవ్వాల్సిన, చెప్పులరిగేలా తిరిగితే గానీ చేతికి రాని రిలీవింగ్ లెటర్ ఐటీ రంగంతో పాటే పుట్టాయని చాలామంది అనుకుంటారు. పనివారు మధ్యలో వెళ్లిపోకుండా కాగితంతో కట్టి ఉంచడం మన దేశంలో అంతకంటే చాలా పాత అలవాటు. అడ్వాన్సు పుచ్చుకుని పని మానేసిన చేతివృత్తులవారిపైనా కూలీలపైనా యజమాని మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేసే వీలును 1859 నాటి 13వ చట్టం కల్పించింది. సొమ్ము తిరిగి కట్టాలనో, పని పూర్తి చేయాలనో మేజిస్ట్రేటు ఆదేశించేవాడు. దాన్ని పాటించనివారికి మూడు నెలల వరకు జైలు. మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల కోసం తెచ్చిన ఈ చట్టాన్ని తర్వాత అస్సాం తేయాకు తోటల యజమానులు విరివిగా వాడుకున్నారు. 1925లో గానీ అది రద్దు కాలేదు.

ఈలోగా 1872 నాటి కాంట్రాక్టు చట్టం మరో దారి వేసింది. ఒకరు తన వృత్తి చేసుకోకుండా అడ్డుపడే ఒప్పందం చెల్లదని దాని 27వ సెక్షన్ చెబుతుంది. అయితే ఉద్యోగ కాలం నడుస్తుండగా విధించే ఆంక్షలకు ఈ రక్షణ పూర్తిగా వర్తించదని సుప్రీంకోర్టు 1967లో తేల్చింది. అయిదేళ్ల ఒప్పందంపై సెంచురీ స్పిన్నింగ్‌లో చేరి, టైరు దారం తయారీలో శిక్షణ పొంది, గడువు తీరకముందే పోటీ కంపెనీకి వెళ్లిన ఉద్యోగికి ఆ కేసులో ఊరట దక్కలేదు. ఈనాటి బాండ్లలోని శిక్షణ ఖర్చుల వాదనకు మూలాలు ఇలాంటి తగాదాల్లోనే ఉన్నాయి.

ఆశ చూపి నిలుపుకొనే పద్ధతి దీనికి సమాంతరంగా ఎదిగింది. అయిదేళ్లు నిరంతరాయంగా పనిచేసినవారికి ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు ఒకేసారి ఇచ్చే సొమ్ము, చెల్లించాలని 1972 నాటి గ్రాట్యుటీ చట్టం నియమం పెట్టింది. ఇన్ఫోసిస్ 1994లో ఉద్యోగులకు వాటాలు ఇచ్చే పథకం పెట్టింది. ఉద్యోగి మనసు పనిలో లగ్నమయ్యే పరిస్థితులపై అమెరికన్ పరిశోధకుడు విలియం కాన్ 1990లో రాసిన వ్యాసానికి ఆధారం ఒక వేసవి శిబిరమూ, ఒక ఆర్కిటెక్టుల కార్యాలయమూ మాత్రమే. ఉద్యోగుల మనసు పనిలో ఎంత ఉందో కొలవడానికి వేలమంది కూర్చునే అంతస్తుల్లో నేడు ఏటా నింపించే సర్వే ఫారాలకు ఆ సన్నిహిత పరిశీలనతో పోలికే లేదు.

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమయ్యాక తెలుగువారికి కంపెనీ మారడం జీతం పెంచుకునే మామూలు మార్గమైంది. మూడు నెలల నోటీసు చట్టం పెట్టిన గడువు కాదు, కంపెనీలు ఒప్పందంలో రాసుకున్నది. క్లయింటు పనిని మరొకరికి అప్పగించడానికి అంత వ్యవధి కావాలని అవి అంటాయి. కానీ పేపర్ పెట్టిన (రాజీనామా ఇచ్చిన) ఉద్యోగి ఆ మూడు నెలల్లోనే చేతిలోని ఆఫర్‌ను చూపించి ఇంకో రెండు ఆఫర్లు సంపాదిస్తాడు. వెళ్లేవారిని ఆపాల్సిన గడువే బేరానికి తీరిక ఇచ్చింది.

కరోనా తర్వాతి నియామకాల హోరులో ఇది స్పష్టంగా బయటపడింది. గడిచిన పన్నెండు నెలల లెక్కన ఇన్ఫోసిస్‌లో స్వచ్ఛందంగా వెళ్లిపోయినవారి శాతం 2022 జూన్ నాటికి 28.4కు చేరింది, టీసీఎస్‌లో అదే ఏడాది సెప్టెంబరు నాటికి 21.5 శాతం. 2024 మార్చి వచ్చేసరికి రెండింటిలోనూ అది 12, 13 శాతాల మధ్యకు దిగింది. ఈ రెండేళ్లలో బాండ్లు గట్టిపడిందీ లేదు, ఆఫీసుల్లో ఆప్యాయత అమాంతం పెరిగిందీ లేదు. బయట కొత్త ఉద్యోగాలు తగ్గాయి. నిలుపుదల విధానాల ఘనతగా చెప్పుకునే అంకెల్లో చాలా భాగం మార్కెట్ వాతావరణమేనని నా అంచనా.

అయినా కాగితం బలం తగ్గలేదు. మూడేళ్లు నిండకుండా మానేస్తే రెండు లక్షల రూపాయలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వ రంగ బ్యాంకు బహిరంగ పోటీ ద్వారా మళ్లీ నియామకం చేపట్టాలంటే అయ్యే ఖర్చును, పట్టే కాలాన్ని కోర్టు ప్రత్యేకంగా పరిగణించింది కాబట్టి, ప్రైవేటు కంపెనీల ప్రతి బాండుకూ ఈ తీర్పును యథాతథంగా అన్వయించడం తొందరపాటు. అదే ఏడాది నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లు (పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలు) నిర్ణీత కాలపు ఉద్యోగులకు ఏడాది సర్వీసుతోనే గ్రాట్యుటీ హక్కు ఇచ్చాయి. పర్మనెంటు ఉద్యోగికి మాత్రం అయిదేళ్ల నిబంధన అలాగే ఉంది.