ముందు వరుసలో పాట వినపడదు: లైవ్ షోల గురించి అపోహలు - వాస్తవాలు

షో అయిపోయి మేం కేబుళ్లు చుట్టుకుంటుంటే ఎవరో ఒకరు కన్సోల్ దగ్గరికి వస్తారు, అంటే జనం మధ్యలో, స్టేజీకి ఎదురుగా మేం సౌండ్ సరిచేసే బల్ల దగ్గరికి. మొన్న వచ్చిన కుర్రాడి గొంతు అప్పటికే అరిచి అరిచి బొంగురుపోయింది. "అన్నా, సింగర్ మైక్ ఆన్‌లో లేదా? ఒక్క ముక్క అర్థం కాలేదు. పదేళ్లుగా వింటున్నా వీళ్లని, లైవ్‌లో ఇంతేనా?" కళ్లలో నీళ్లు. ఎక్కడ నిలబడ్డావని అడిగాను. బారికేడ్‌ని ఆనుకుని, సరిగ్గా గిటారిస్ట్ ఎదురుగా. అన్నిటికంటే ఖరీదైన టికెట్!

అపోహ: స్టేజీకి ఎంత దగ్గరుంటే సౌండ్ అంత బాగుంటుంది.

వాస్తవం: జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ నమ్మకం వల్లే. స్టేజీకి రెండు వైపులా పైన వేలాడే పెద్ద స్పీకర్ల సౌండ్ చాలావరకు ముందు వరుస తలల మీదుగా వెనక్కి పోతుంది. ముందున్నవాళ్ల చెవిలో పడేది డ్రమ్స్, గిటార్ యాంప్, కాళ్ల దగ్గర సబ్ ఊఫర్ల దడదడ. గొంతు మాత్రం స్టేజీ అంచున పెట్టిన చిన్న ఫ్రంట్ ఫిల్ స్పీకర్ల నుంచి రావాలి. అవి లేకపోయినా, వాటికి కాస్త పక్కగా ఉన్నా, పాట పోయినట్టే.

సౌండ్ చెక్‌లో నేను కన్సోల్ వదిలి బారికేడ్ దాకా నడుస్తాను. అక్కడ స్నేర్ డ్రమ్ దెబ్బ ఛాతీకి తగులుతుంది, మాటలు మసకబారిపోతాయి. తిరిగి కన్సోల్ దగ్గరికొస్తే అదే పాటలో, పల్లవి ఎత్తుకునే ముందు గాయని తీసుకున్న ఊపిరి కూడా వినిపిస్తుంది. ఏది పెంచాలో ఏది తగ్గించాలో మేం తేల్చుకునేది ఈ చోట నిలబడే. మీరూ ఆ చుట్టుపక్కలే నిలబడండి. హాలు నట్టనడుమ బేస్ మరీ పోగుపడినట్టుంటే నాలుగడుగులు పక్కకు జరగండి.

ఆ కుర్రాడికి హెడ్‌ఫోన్స్ ఇచ్చి, ఆ రాత్రి రికార్డింగ్‌లోంచి ఒక పాట వినిపించాను. కదలకుండా చివరిదాకా విన్నాడు.

అతని బాధ నాకు తెలుసు. ఈ పనిలోకి రాకముందు నేనూ కూడబెట్టుకుని ముందు వరుస టికెట్ కొన్నాను. ఇంటికొచ్చాక రెండేళ్లు ఆ బ్యాండ్ పాట ముట్టుకోలేదు. తర్వాత వాళ్ల షోకే కేబుళ్లు మోసే పనికి వెళ్లి, కన్సోల్ వెనక నిలబడి విన్నప్పుడు తెలిసింది, తప్పు వాళ్లది కాదని.

ఇక పుకార్ల సంగతి. "పెదాలు కలవలేదు, ప్లేబ్యాక్ (ముందే రికార్డు చేసిన పాట) పెట్టారు" అని షో మధ్యలోనే ప్రచారం మొదలుపెట్టేస్తారు. సౌండ్ సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. స్పీకర్లకు 100 మీటర్ల వెనక ఉంటే పాట మీకు సుమారు 0.3 సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. పెదాలెలా కలుస్తాయి? ముందే రికార్డు చేసిన ట్రాక్‌లు వాడే బ్యాండ్లు ఉన్నాయి, నిజమే. కీబోర్డులు, కోరస్ ట్రాక్ మీద నడిచినంత మాత్రాన సింగర్ పాడనట్టు కాదు. తమ పాట తాము వినడానికి సింగర్లు చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ (ఇన్-ఇయర్) తీసేయడం కూడా సాక్ష్యం కాదు, జనం గోల వినాలని తీస్తారు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షియా స్టేడియంలో 55 వేల మందికి పైగా జనం ముందు వాయించిన బీటిల్స్‌కు స్టేజీ మీద మానిటర్లే (వాయించేవాళ్ల వైపు తిప్పిపెట్టే స్పీకర్లు) లేవు, ఆ కేకల్లో తమ పాట తమకే సరిగా వినపడలేదు.

శ్రుతి అర మెట్టు తగ్గించారా? వరసగా షోలున్నప్పుడు గొంతు కాపాడుకోవాలి కదా. ఫోన్ వీడియోలో ఘోరంగా ఉందా? ఆ చిన్న మైక్ అంత సౌండ్‌ని తట్టుకోలేదు, రికార్డింగ్ చిట్లినట్టు వస్తుంది, దాన్ని చూసి బ్యాండ్‌ని తిట్టకండి.

ఇయర్‌ప్లగ్స్ పెడితే మజా పోతుందనేవాళ్లకు ఒక్క మాట. 100 డెసిబెల్స్ దగ్గర చెవికి సురక్షితమైన సమయం 15 నిమిషాలే. అరగంటకే చెవి మొద్దుబారి చివరి పాటలు బండగా వినిపిస్తాయి. సంగీతం కోసమే చేసిన ప్లగ్స్ అన్ని స్వరాలనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి. నేను రోజూ అవి జేబులో లేకుండా బయల్దేరను.