పిల్లి జలుబు: టెస్ట్ చెప్పేదెంత, పిల్లి చెప్పేదెంత?

తుమ్ములు, కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు కారడం. ఇలాంటి పిల్లిని తెచ్చినవాళ్ళు నన్ను మొదట అడిగేది "ఏదైనా టెస్ట్ చేయిద్దామా డాక్టర్?" అనే. వాళ్ళ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ ఈ జబ్బులో టెస్ట్ కంటే ముందు చూడాల్సింది పిల్లినే.

అపోహ: పీసీఆర్ (క్రిముల జన్యుపదార్థాన్ని వెతికే టెస్ట్) పాజిటివ్ వస్తే కారణం దొరికినట్టే.

వాస్తవం: ఎక్కువ కేసులకు మూలం హెర్పిస్ వైరస్ లేదా కాలిసి వైరస్. హెర్పిస్ ఒకసారి సోకితే ముఖానికి వెళ్ళే నరాల్లో జీవితాంతం దాక్కుంటుంది. ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా, ఆ ఒత్తిడికి సుమారు వారం తర్వాత మళ్ళీ బయటపడొచ్చు. అందుకే నేను నిన్నటి సంగతి కాకుండా, పోయిన పది రోజుల్లో ఇంట్లో ఏం మారిందో అడుగుతాను. కాలిసి అయితే కోలుకున్న పిల్లి నోటి నుంచి కూడా నెలల తరబడి వస్తూ ఉండొచ్చు. అంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లికీ పాజిటివ్ రావచ్చు. ఈమధ్యే లైవ్ వ్యాక్సిన్ (బలహీనపరిచిన వైరస్‌తో చేసిన టీకా) వేయించి ఉంటే ఆ టీకా వైరస్సే టెస్టులో కనబడొచ్చు. ఇక నెగటివ్ వస్తే వైరస్ లేదని ఖాయం కాదు, ఆ రోజు స్వాబ్‌కి (శాంపిల్ తీసే దూది పుల్లకి) అందకపోయి ఉండొచ్చు. ఒకే పిల్లి ఉన్న ఇంట్లో, మామూలు జలుబుకి, ఫలితం ఏదైనా చికిత్స మారనప్పుడు నేను ఈ టెస్ట్ రాయను. షెల్టర్‌లో జబ్బు ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంటే మాత్రం కొన్ని పిల్లులకు చేయిస్తాను.

అపోహ: కంటితో చూసి ఏమీ తేల్చలేం.

వాస్తవం: నాలుక మీద పుండ్లు, దాంతోపాటు కుంటుతూ ఉంటే నా అనుమానం కాలిసి మీదే. కంట్లో ఫ్లోరెసిన్ రంగు చుక్క వేసినప్పుడు నల్లగుడ్డు మీది పొరపై చెట్టుకొమ్మలా చీలిన గీతలు కనిపిస్తే అది హెర్పిస్. తుమ్ములు తక్కువగా ఉండి, ఒక కంటి లోపలి పొర బాగా వాచి, కొన్ని రోజులకు రెండో కంటికీ వస్తే క్లమీడియా అనే బ్యాక్టీరియా కావచ్చు. ఇక్కడ కంటి స్వాబ్‌తో పీసీఆర్ నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే దీనికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కొన్ని వారాలు వాడాలి.

అపోహ: చీమిడి పచ్చబడితే కల్చర్ (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే టెస్ట్) చేయించి యాంటీబయాటిక్ వేయాలి.

వాస్తవం: ఏ పిల్లి ముక్కులోనైనా బ్యాక్టీరియా ఉంటుంది, కల్చర్‌లో పెరుగుతుంది. జ్వరం లేకుండా, తింటూ, చురుగ్గా ఉంటే పది రోజుల వరకు మందు లేకుండా గమనించవచ్చు.

అపోహ: టీకా వేయించాం, కాబట్టి ఇది ఆ వైరస్‌ల జబ్బు కాదు.

వాస్తవం: టీకా జబ్బు తీవ్రతను తగ్గిస్తుంది. సోకకుండా పూర్తిగా ఆపలేదు.

అపోహ: ఎన్నాళ్ళున్నా జలుబు జలుబే.

వాస్తవం: పది రోజులు దాటినా తగ్గకపోతే, ముఖ్యంగా ఒక్క ముక్కు రంధ్రం నుంచే చీమిడి గానీ రక్తం గానీ వస్తుంటే, నేను వేరే దారిలో వెతుకుతాను. ఇరుక్కున్న గడ్డిపరక, పంటి వేరులో చీము, పాలిప్ (మాంసపు బుడిపె), ఫంగస్, కణితి, వీటిలో ఏదైనా కావచ్చు. అప్పుడు మత్తిచ్చి నోరు, ముక్కు లోపల చూడాలి, స్కాన్ తీయాలి. పిల్లి నోటితో ఊపిరి తీస్తున్నా, రోజంతా ఏమీ తినకపోయినా పది రోజుల లెక్క వర్తించదు. ఆ రోజే తీసుకురండి.