ఆఖర్న పండే ద్రాక్షకే మంచి ఎండ

ఇటలీ వైన్ల గురించి తెలుసుకుందామని మొదలుపెట్టినవాళ్లలో చాలామంది పేర్ల దగ్గరే చేతులెత్తేస్తారు. దేశంలో ఉన్న 20 ప్రాంతాల్లోనూ వైన్ తయారవుతుంది. స్థానిక ద్రాక్ష రకాలే వందల్లో ఉన్నాయి. ఒక సీసా మీద ఊరి పేరుంటుంది, ఇంకోదాని మీద ద్రాక్ష పేరు. బరోలో అంటే ఊరు, బార్బెరా అంటే ద్రాక్ష. మోంతెపుల్చానో అయితే టస్కనీలో ఊరు, అబ్రుజ్జోలో ద్రాక్ష! ఇవన్నీ బట్టీ పట్టే బదులు ఒక్క ప్రశ్న పట్టుకుంటే చాలావరకు దారి దొరుకుతుంది: ఈ ద్రాక్ష ఎప్పుడు పండుతుంది?

వాయవ్య ఇటలీలో పీడ్‌మాంట్ ప్రాంతం ఉంది. అక్కడ ఆల్బా పట్టణం చుట్టూ ఉన్న లాంగే కొండల్లో రైతులు ముఖ్యంగా మూడు ఎర్ర ద్రాక్షలు వేస్తారు. డోల్చెట్టో సెప్టెంబరులో కోతకొస్తుంది, బార్బెరా ఆ తర్వాత. నెబ్బియోలో మాత్రం అక్టోబరు దాకా తీగ మీదే ఉంటుంది. పండటంలో అన్నిటికంటే వెనకబడే ఈ ద్రాక్ష, వసంతంలో చిగురేయడంలో మాత్రం అందరికంటే ముందుంటుంది. అంటే రైతుకు రెండు వైపులా టెన్షనే. లేత చిగురు మంచుకు మాడిపోవచ్చు, పండే వేళకు శరదృతువు వానలు ముంచేయవచ్చు.

అందుకే నెబ్బియోలోకు కొండ మీద స్థలం చాలా లెక్క చూసి ఇస్తారు. చల్లగాలి బరువు ఎక్కువ కాబట్టి రాత్రిపూట లోయలోకి దిగి అక్కడే పేరుకుంటుంది. కింద వేస్తే మంచు దెబ్బ తప్పదు. మరీ పైకి వెళ్తే ప్రతి 100 మీటర్లకూ సుమారు 0.6 డిగ్రీల వేడి తగ్గుతుంది, పంట పండదు. మధ్యలో, దక్షిణానికి తిరిగి ఉన్న వాలు కావాలి. ఉత్తరార్ధగోళంలో సూర్యుడు దక్షిణం వైపుగా వాలి నడుస్తాడు కాబట్టి అక్టోబరులో కూడా ఆ వాలు మీద ఎండ బాగా పడుతుంది. చలికాలంలో మంచు ముందుగా కరిగే వాలు ఏదో అక్కడి పాతతరం రైతులు గమనించి పెట్టుకునేవారు. ఆ తర్వాతి స్థాయి నేల బార్బెరాకు. త్వరగా పండే డోల్చెట్టోకు చల్లటి వాలు ఇచ్చినా పేచీ లేదు.

ఇంత ముద్దుగా పెంచిన నెబ్బియోలో వైన్ రంగు చూస్తే ఆశ్చర్యమేస్తుంది, పలచటి ఎరుపు. ద్రాక్ష తొక్కకు రంగునిచ్చే ఆంథోసయానిన్లలో ఆక్సిజన్‌కు త్వరగా లొంగిపోయే రకాలు దీనిలో ఎక్కువ. రంగు చూసి తేలిక అనుకుని నోట్లో పోసుకుంటే, నేరేడు పండు తిన్నప్పటిలా నాలుక పట్టేస్తుంది. ఆ వగరుకు కారణం టానిన్లు. తొక్కలోంచీ గింజల్లోంచీ వచ్చే ఈ పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్ద కట్టిస్తాయి. నోటిని జారుడుగా ఉంచేవి ఆ ప్రోటీన్లే. అవి పోగానే నాలుక అంగిలికి రాసుకుంటుంది. కాబట్టి వగరును రుచి అనడం కంటే స్పర్శ అనడమే నయం. వైన్‌ను నిల్వ ఉంచితే టానిన్లు ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతోనూ కలిసిపోయి క్రమంగా మెత్తబడతాయి. లాంగే కొండల్లోని బరోలో ఊరి పేరుతో నెబ్బియోలో వైన్ అమ్మాలంటే కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో నిల్వ ఉంచాలని చట్టం చెప్పేది ఇందుకే.

ఉత్తరాన చలి కాబట్టి అక్కడ పంట ఆలస్యం, దక్షిణాన వేడి కాబట్టి త్వరగా వస్తుంది అనుకుంటాం కదా. నేపుల్స్ వెనక కొండల్లో తౌరాజీ ఊరికీ, బసిలికాటాలో వుల్తురే అనే ఆరిపోయిన అగ్నిపర్వతం దగ్గరకీ వెళ్తే ఆ లెక్క తిరగబడుతుంది. అక్కడి అల్యానికో ద్రాక్ష కోత అక్టోబరు చివర్లో, కొన్నేళ్లు నవంబరులో. బరోలో కంటే ఎంతో దక్షిణాన ఉండి, దానికంటే ఆలస్యం! కొంత ఆ రకం స్వభావం, కొంత ఎత్తు. పగలు ఎండ కాసినా రాత్రి చల్లబడుతుంది. కాయ రంగు మారాక అందులోని మాలిక్ ఆమ్లం శ్వాసక్రియలో ఖర్చవుతూ ఉంటుంది, వేడి పెరిగితే ఆ ఖర్చూ పెరుగుతుంది. చల్లటి రాత్రులు పులుపును కాపాడతాయి. చక్కెర చేరేలోపు టానిన్లకూ పండే వ్యవధి దొరుకుతుంది. నన్నడిగితే ఇటలీలో అందరూ చెప్పుకునే కియాంతి వైన్ కంటే ముందు చదవాల్సిన పాఠం ఇదే.

పక్కనే ఉన్న పూల్యా ప్రాంతంలో కథ వేరు. 18వ శతాబ్దం చివర్లో జోయా దెల్ కొల్లె అనే ఊళ్లో ఫ్రాంచెస్కో ఫిలిప్పో ఇండెల్లికాటి అనే మతగురువు, తోటలో మిగతావాటి కంటే ముందే పండే తీగలను గమనించి వేరుగా పెంచాడని అంటారు. అదే ప్రిమితీవో. వేడి సీమలో ఆగస్టు చివరికే కోతకొస్తుంది. ఒకే గుత్తిలో కొన్ని కాయలు పచ్చిగా ఉండగానే కొన్ని ఎండుద్రాక్ష అయిపోతాయి. చక్కెర దండిగా ఉంటుంది కాబట్టి వైన్‌లో ఆల్కహాల్ 14, 15 శాతం దాకా వెళ్తుంది. 1967లో ఆస్టిన్ గోహీన్ అనే అమెరికా మొక్కల శాస్త్రవేత్తకు పూల్యాలోని బారీ నగరంలో ఈ వైన్ తాగగానే కాలిఫోర్నియాలో పండే జిన్‌ఫాండెల్ ద్రాక్ష గుర్తొచ్చింది. 1990ల్లో డీఎన్ఏ పరీక్షలు రెండూ ఒకటేనని తేల్చాయి. 2001లో అదే తీగ క్రొయేషియా తీరంలో, స్ప్లిట్ నగరం దగ్గరి పాత తోటలో దొరికింది.

ఈ క్యాలెండర్ అంతటికీ ఆధారం తీగ చలికాలంలో నిద్రపోవడం. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటల్లో ఆ నిద్ర ఉండదు. అందుకే మన రైతులు ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరించి తీగను దారిలో పెడతారు. మన దగ్గర పంట సమయాన్ని కత్తెర నిర్ణయిస్తుంది, అక్కడ చలి.

ఆ చలే ఇప్పుడు తగ్గుతోంది. 2022 లాంటి మండిపోయిన సంవత్సరాల్లో నెబ్బియోలో కోత సెప్టెంబరులోనే మొదలైంది. బరోలో నిబంధనల ప్రకారం పూర్తిగా ఉత్తరానికి తిరిగిన వాలుల్లో తోట వేయకూడదు. లాంగేలో అలాంటి చల్లటి చోట్ల హేజెల్‌నట్ చెట్లు చాలానే కనిపిస్తాయి, ఆ గింజలతో నుటెల్లా చేసే ఫెర్రేరో కంపెనీ పుట్టిందీ ఆల్బాలోనే. ఆ ఉత్తర వాలులను కూడా నెబ్బియోలోకు ఒప్పుకోవాలా అనే చర్చ ఈ మధ్యే అక్కడి ఉత్పత్తిదారుల్లో నడిచింది.