లక్షల డాలర్ల డొమైన్ల కథలు: అపోహలు, వాస్తవాలు

పోయిన నెలలో గుంటూరు నుంచి ఒక పచ్చళ్ల వ్యాపారి ఫోన్ చేశాడు. అతని సైటు పదేళ్లుగా నేనే చూస్తున్నాను. "అన్నా, పచ్చళ్ల మీద మంచి డొమైన్ ఒకటి వచ్చింది. చివర డాట్ కామ్ కాదు, కొత్తవి ఉన్నాయి కదా, వాటిలో ఒకటి. లక్షన్నర చెబుతున్నారు. రెండేళ్లు ఆగితే పది లక్షలకు పోతుందట. తీసేసుకోమంటావా?" అన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే వాట్సాప్‌లో ఒక పట్టిక పంపాడు. ఏ డొమైన్, అంటే ఏ సైటు పేరు, ఎన్ని లక్షల డాలర్లకు అమ్ముడైందో వరసగా రాసి ఉంది. అంకెలు చాలావరకు నిజమైనవే. తిరకాసంతా వాటిని చూసి జనం ఏమనుకుంటున్నారన్న దాంట్లోనే ఉంది. అతనికి ఫోన్లో చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కొంచెం నేపథ్యం. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 2012లో కొత్త ఎక్స్‌టెన్షన్లకు, అంటే సైటు పేరు చివర డాట్ తర్వాత వచ్చే మాటలకు, దరఖాస్తులు పిలిచింది. ఒక్కో దరఖాస్తుకు 1,85,000 డాలర్ల రుసుము. అయినా 1,930 దరఖాస్తులు పడ్డాయి. 2013 అక్టోబర్ నుంచి అవి ఒక్కొక్కటిగా అమల్లోకి వచ్చాయి. డాట్ క్లబ్, డాట్ గురు, డాట్ ఆన్‌లైన్, డాట్ షాప్, ఇలా వెయ్యికి పైగా. ఎక్స్‌టెన్షన్‌ను నడిపే సంస్థను రిజిస్ట్రీ అంటాం. మనం డబ్బు కట్టేది రిజిస్ట్రార్‌కి, అంటే కొట్టువాడికి. సరుకు రిజిస్ట్రీది. ఈ తేడా గుర్తుంటే కింద రాసింది తేలిగ్గా అర్థమవుతుంది.

అపోహ: వెకేషన్ డాట్ రెంటల్స్ అయిదు లక్షల డాలర్లు పలికింది, కాబట్టి కొత్త ఎక్స్‌టెన్షన్లకు గిరాకీ ఉంది.

వాస్తవం: పలికిన మాట నిజం. 2018లో 5,00,300 డాలర్లు. అదే ఏడాది హోమ్ డాట్ లోన్స్ కూడా సరిగ్గా అంతకే పోయింది. కానీ రెండూ అమ్మింది ఎవరు? ఆ ఎక్స్‌టెన్షన్లు నడిపే డోనట్స్ అనే రిజిస్ట్రీయే. మన దగ్గర లేఅవుట్ వేసినవాడు కార్నర్ ప్లాటును తానే మంచి రేటుకు అమ్మి, "మా వెంచర్‌లో గజం ఇంత పలుకుతోంది" అని బ్రోచర్‌లో వేసుకుంటాడు చూడండి, అలాంటిదే ఇదీ. అమ్మకం అబద్ధం కాదు. కానీ ఆ ప్లాటు కొన్నవాడు రేపు ఇంకొకరికి అదే రేటుకు అమ్మగలిగితేనే దాన్ని మార్కెట్ రేటు అనాలి. పట్టికలు చూసేటప్పుడు నేను మొదట వెతికేది దీన్నే: అమ్మింది రిజిస్ట్రీయా, లేక మనలా కొని పెట్టుకున్న మనిషా? పెద్ద అంకెల్లో రిజిస్ట్రీ అమ్మినవి ఎన్నో చూసుకుంటూ పోతే ఉత్సాహం చాలావరకు చల్లారుతుంది.

ఇంకో పోలిక. అవే రెండు మాటలు కలిపి చివర డాట్ కామ్ పెట్టిన వెకేషన్‌రెంటల్స్ డాట్ కామ్‌ను 2007లో హోమ్‌అవే సంస్థ 3.5 కోట్ల డాలర్లకు కొన్నది. పోటీదారు ఎక్స్‌పీడియా చేతికి పోకూడదన్న ఆలోచన కూడా అందులో ఉంది. పదకొండేళ్ల తర్వాత కొత్త ఎక్స్‌టెన్షన్‌లో అవే మాటలకు వచ్చిన ధర అందులో నూటికి ఒకటిన్నర వంతు కూడా లేదు. మన వాట్సాప్ పట్టికలో ఈ వరస మాత్రం లేదు.

అపోహ: ఒకసారి పెద్ద ధర పెట్టి కొంటే ఇక మనదే.

వాస్తవం: జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. డొమైన్ ఎవరికీ సొంతం కాదు, ఏడాదికింత అని కట్టి అట్టిపెట్టుకోవడమే. ఒకేసారి పదేళ్లకు మించి కట్టనివ్వరు కూడా. డాట్ కామ్‌లో రిజిస్ట్రీ ఏటా ఎంత పెంచుకోవచ్చో ఒప్పందంలో హద్దు ఉంది. 2024 సెప్టెంబర్‌లో పెంచాక కూడా హోల్‌సేల్ ధర, అంటే రిజిస్ట్రార్ రిజిస్ట్రీకి కట్టేది, 10.26 డాలర్లే అయింది. కొత్త ఎక్స్‌టెన్షన్లలో చాలావాటికి ఆ హద్దు లేదు. రెన్యువల్ ధర పెంచాలంటే ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, అంతే.

పెంచరులే అనుకోకండి. 2017లో యూనిరిజిస్ట్రీ అనే సంస్థ తన ఎక్స్‌టెన్షన్లలో కొన్నిటి ధరను ఎన్నో రెట్లు పెంచుతున్నట్టు ప్రకటించింది. ఒకటి రెండు రకాల్లో ఏకంగా ముప్పై రెట్ల దాకా. గోడాడీ అనే పెద్ద రిజిస్ట్రార్ అయితే ఆ సంస్థ ఎక్స్‌టెన్షన్లు కొత్తగా అమ్మడమే ఆపేసింది. ఇంకా విచిత్రం డాట్ వెడ్. పెళ్లి వెబ్‌సైట్ల కోసం పెట్టిన ఎక్స్‌టెన్షన్ అది. పెళ్లయిపోయాక పేరు వదిలేస్తే ఇంకో జంటకు అమ్ముకోవచ్చని మూడో ఏడాది రెన్యువల్ 30,000 డాలర్లు పెట్టారు. ఆ రిజిస్ట్రీ 2017లో చేతులెత్తేసింది. పేర్లు ఆగిపోకుండా ఐకాన్ అత్యవసర ఏర్పాటు కింద వేరే సంస్థకు అప్పగించాల్సి వచ్చింది.

దీనికి తోడు "ప్రీమియం" పేర్లు. మంచి మాటలన్నీ రిజిస్ట్రీ ముందే పక్కన పెట్టి ఎక్కువ ధర వేస్తుంది. ఆ ఎక్కువ ధర కొన్నిట్లో మొదటిసారికే, కొన్నిట్లో ప్రతి ఏడాదీ. మా గుంటూరు ఆయనకు వచ్చిన మెయిల్ తెరిపించి కిందిదాకా చదివించాను. లక్షన్నర ఏడాదికి! రెండేళ్లు ఆగితే పది లక్షలన్నవాడు, ఆ రెండేళ్లకు కట్టేది మూడు లక్షలని చెప్పలేదు. పైగా కొనేవాడు కూడా ఏటా లక్షన్నర కడుతూ పోవాలని తెలిస్తే పది లక్షలు ఎందుకిస్తాడు?

అపోహ: లక్షల కొద్దీ రిజిస్టర్ అవుతున్నాయి, అంటే జనం ఎగబడుతున్నారు.

వాస్తవం: 2014లో డాట్ ఎక్స్‌వైజెడ్ వచ్చినప్పుడు ఒక పెద్ద రిజిస్ట్రార్ తన ఖాతాదారుల్లో చాలామందికి వాళ్లు అడగకుండానే ఆ పేర్లు ఉచితంగా ఖాతాలో వేసేసింది. 2016 జూన్‌లో అదే ఎక్స్‌టెన్షన్‌ను సెంటు, రెండు సెంట్లకు అమ్మితే లక్షల్లో పోయాయి. మరుసటి ఏడాది రెన్యువల్ వచ్చేసరికి వాటిలో చాలావరకు రాలిపోయాయి. నన్నడిగితే మొదటి ఏడాది లెక్క చూడనే వద్దు, రెన్యువల్ అయినవెన్నో చూడాలి.

అపోహ: గూగుల్ సెర్చ్‌లో కొత్త ఎక్స్‌టెన్షన్లకు పెద్దపీట వేస్తుంది.

వాస్తవం: లేదు. అన్నిటినీ ఒకేలా చూస్తామని 2015లో గూగులే చెప్పింది. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్టే ఏబీసీ డాట్ ఎక్స్‌వైజెడ్ పెట్టుకుంది కదా అంటారు. ఏబీసీ డాట్ కామ్ డిస్నీది, ఆల్ఫాబెట్ డాట్ కామ్ బీఎండబ్ల్యూది. పైగా పచ్చళ్లు కొనేవాళ్లెవరూ ఆల్ఫాబెట్ సైటుకు వెళ్లరు.

అపోహ: ఇవాళ కొత్తగా ఉన్నా, జనం అలవాటు పడిపోతారు.

వాస్తవం: అమెరికాలో ఓవర్‌స్టాక్ అనే పెద్ద ఆన్‌లైన్ దుకాణం 2010లో ఓ డాట్ కో అనే పేరును 3,50,000 డాలర్లకు కొన్నది. డాట్ కో కొలంబియా దేశపు ఎక్స్‌టెన్షన్, కొత్తదేం కాదు. కానీ పాఠం ఒకటే. టీవీల్లో ప్రకటనలిచ్చారు, ఓక్లండ్‌లో స్టేడియానికి కూడా ఆ పేరే పెట్టించారు. జనం మాత్రం ఓ డాట్ కామ్ అని కొట్టారు. కంపెనీ మళ్లీ పాత పేరుకే వచ్చింది. అంత డబ్బు పోసినవాళ్ల వల్లే కాలేదు.

మన దగ్గరైతే ఫోన్లో అడ్రస్ చెప్పి చూడండి. "చివర డాట్ కామేనా అండీ?" అని అడగనివాళ్లు తక్కువ. ఇక మెయిల్ అడ్రస్ అయితే మరీ టెన్షన్. అవతలివాళ్లు అలవాటుకొద్దీ డాట్ కామ్ అని కొడితే మన బిల్లులు, కొటేషన్లు ఎవరికో పోతాయి.

నమ్మకం సంగతికొస్తే మన బ్యాంకులనే చూడండి. డాట్ బ్యాంక్ అనే కొత్త ఎక్స్‌టెన్షన్ 2015 నుంచీ ఉంది. అయినా రిజర్వ్ బ్యాంకు మన బ్యాంకులన్నిటినీ 2025 అక్టోబర్ 31 లోపు మారమన్నది డాట్ ఇన్ కింద ఉండే బ్యాంక్ డాట్ ఇన్‌కి. వాటిని ఇచ్చే బాధ్యత మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీది. ఎవరుబడితే వాళ్లు కొనలేకపోవడమే దాని విలువ.

అపోహ: నా డొమైన్‌కి బేరం వచ్చింది, వాల్యుయేషన్ సర్టిఫికెట్ ఒక్కటి తీసుకుంటే చాలట.

వాస్తవం: మోసం. మీరు ఆ సర్టిఫికెట్‌కి డబ్బు కట్టగానే బేరగాడు మాయం.

ఇంతా చెప్పి, నా దగ్గర కూడా కొత్త ఎక్స్‌టెన్షన్ పేరు ఒకటుంది. మామూలు ధరకు కొన్నాను, మా ఆఫీసు పనులకు వాడుకుంటాను, అమ్మే ఉద్దేశం లేదు. అలా వాడుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. పెట్టుబడి అనేవాళ్లు మాత్రం కాగితం మీద ఒక లెక్క వేసుకోండి. వంద పేర్లు, ఒక్కోదానికి రెన్యువల్ మూడు వేలు, ఏడాదికి మూడు లక్షలు. డాట్ కామ్‌లోనే ఏడాదికి నూటికి ఒకటో రెండో అమ్ముడైతే బాగున్నట్టని ఈ రంగంలో ఉన్న మా వాళ్లు అనుకుంటారు. కొత్త వాటిలో ఆ ఒక్కటి మూడు లక్షలు తెస్తే మీ చేతి డబ్బు మీకు వచ్చినట్టు. తేకపోతే మళ్లీ ఏడాది ఇంకో మూడు లక్షలు.

మా గుంటూరు ఆయనకు కొట్టు పేరుతో డాట్ కామ్ ముందునుంచీ ఉంది. అదే పేరుతో డాట్ ఇన్ కూడా తీసుకోమన్నాను, వెయ్యి రూపాయల్లోపే అయిపోయింది. ఆ లక్షన్నర ఏం చేశావని మొన్న అడిగితే, ప్యాకింగ్ మిషన్‌కి అడ్వాన్స్ ఇచ్చానన్నాడు.