నానో నూనె అని నెబ్యులైజర్‌లో పోయకండి

ఈ నెలలో ఇది మూడోసారి. పగలు ఫార్మసీ కాలేజీలో ఫార్మాస్యూటిక్స్ చెబుతాను, సాయంత్రం మిర్యాలగూడలో మా తమ్ముడి మెడికల్ షాపులో కూర్చుంటాను. మొన్న ఒకామె నెబ్యులైజర్ తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. "సార్, పొగ సరిగ వస్తలేదు, జర చూడుండ్రి." కప్పు మూత తిప్పగానే నీలగిరి తైలం వాసన గుప్పుమంది. లోపల గోడలంతా జిడ్డు. అడుగున మిగిలిన సెలైన్ మీద నూనె బొట్లు తేలుతున్నాయి.

భర్త రైస్ మిల్లులో హమాలీ. ఏళ్లుగా దమ్ము. "మొక్కల నూనెతోని ఊపిరితిత్తుల వాపు తగ్గుతదట, నానో అంట, మా పిల్లగాడు ఫోన్ల చూపెట్టిండు. ఏ నూనైనా ఒకటే గదా అని నాలుగు చుక్కలు ఏసిన" అంది. డాక్టర్ రాసిన బుడెసోనైడ్ (శ్వాసనాళాల వాపు తగ్గించే పీల్చే స్టెరాయిడ్) వారం నుంచి ఆపేశారట.

ఆమె మీద నాకు కోపం రాలేదు. రాత్రంతా మంచం పట్టె పట్టుకొని కూర్చొని ఆయాసపడే మనిషిని చూస్తుంటే ఎవరైనా దొరికినదాన్నల్లా పట్టుకుంటారు. నా కోపమంతా సగం తెలిసి ఆ వీడియోలు తిప్పేవాళ్ల మీదే.

అపోహ: నూనెను అతి సూక్ష్మమైన బొట్లుగా చేసే నానో పరిశోధన జరుగుతోందంటే ఆ నూనె పీల్చొచ్చని తేలినట్టే.

వాస్తవం: నూనెను నేరుగా పీల్చకూడదు కాబట్టే ఆ పరిశోధన మొదలైంది. నూనె నీళ్లలో కలవదు. నీలగిరి, లవంగ నూనెల్లాంటివి ఆవిరైపోతాయి, గాలి తగిలితే చెడిపోతాయి, శ్వాసనాళాలను మండించి ఆయాసాన్ని ఇంకా పెంచగలవు. కలోంజి, నువ్వులు, కొబ్బరి లాంటి చిక్కటి నూనెలతో బాధ వేరు. ఊపిరితిత్తుల్లో చెత్తను మింగి శుభ్రం చేసే మాక్రోఫేజ్ కణాలు ఆ బొట్లను మింగుతాయి కానీ సరిగా అరిగించుకోలేవు. దగ్గు, జ్వరం వస్తాయి, ఎక్స్‌రేలో న్యుమోనియాలాగే కనిపిస్తుంది, యాంటీబయోటిక్‌కు మాత్రం తగ్గదు. దీన్ని లైపాయిడ్ న్యుమోనియా అంటారు. ముక్కులో, గొంతులో నూనె వేయించుకున్నవాళ్లలో దీన్ని గుర్తించి 1925లోనే రాశారు. మన ఊళ్లల్లో పసిపిల్లలకు తలంటేటప్పుడు ముక్కులో నూనె చుక్క వేసే అలవాటు ఇంకా ఉంది. దయచేసి మానేయండి.

మరి ల్యాబులో చేసేదేమిటి? మా విద్యార్థులు నూనెలో ట్వీన్ 80 (నూనెను నీళ్లతో కలిపి ఉంచే పదార్థం) కలిపి, తిప్పుతూ చుక్క చుక్కగా నీళ్లు పోస్తారు. ముందు పాలలా తెల్లగా ఉంటుంది. బీకరును ఐసులో పెట్టి సోనికేటర్‌తో, అంటే ధ్వని తరంగాలతో, కొడితే తెలుపు విరిగి నీలిరంగు ఛాయతో పారదర్శకమవుతుంది. అప్పుడు బొట్టు సైజు 200 నానోమీటర్ల లోపుకు వచ్చిందో లేదో మిషన్‌లో చూస్తాం. అంత చేశాక కూడా కొన్ని సీసాలు నెల తిరక్కుండానే విడిపోయి నూనె పైకి తేలుతుంది. ఇంట్లో నెబ్యులైజర్ ఈ పని చేయలేదు. అది సెలైన్‌ను తుంపరగా మారుస్తుందంతే. పైన తేలే నూనె నానో కాదు, జిడ్డుగానే లోపలికి పోతుంది.

పైగా ఇప్పటిదాకా ఈ నూనెల నానో మందుల మీద జరిగిన పని ఎక్కువగా కణాల మీద, ఎలుకల మీద. బాక్టీరియా నుంచి తీసిన పదార్థంతో ఎలుకల ఊపిరితిత్తుల్లో వాపు తెప్పించి, మందిచ్చాక వాపును పెంచే ఐఎల్-6, టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే ప్రోటీన్లు తగ్గాయా అని చూస్తారు. తగ్గితే సంతోషమే, నాకూ ఈ రంగం మీద ఆశ ఉంది. కానీ ఎలుక నుంచి మన హమాలీ అన్న దాకా చాలా దూరం. అమెరికాలో 2018లో అనుమతి వచ్చిన లైపోజోమ్ (సూక్ష్మమైన కొవ్వు గుళిక) పీల్చే మందులో ఉన్నది అమికాసిన్ అనే యాంటీబయోటిక్, మొక్కల నూనె కాదు.

అపోహ: ఎంత చిన్న కణమైతే అంత లోపలికి పోతుంది.

వాస్తవం: కాదు. కొన్ని వందల నానోమీటర్ల సైజువి చాలావరకు ఊపిరితోపాటే బయటికి వచ్చేస్తాయి. అందుకే నానో కణాలను 1 నుంచి 5 మైక్రాన్ల (ఒక మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు) తుంపరలో పెట్టి పంపాలి.

అపోహ: నీలగిరి మీద జర్మనీలో మనుషులకే పరీక్ష చేశారు కదా.

వాస్తవం: చేశారు. 2009లో వచ్చిన అధ్యయనంలో 242 మంది సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) రోగుల్లో దాదాపు సగం మంది నీలగిరి తైలంలోని ముఖ్య పదార్థమైన సినియోల్ క్యాప్సూల్, మిగతావాళ్లు మందులేని క్యాప్సూల్ మింగారు. పీల్చలేదు. తమ మామూలు మందులూ మానలేదు.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్నది కూడా వట్టి మాటే. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించండి, చాలు.

ఆమెకు కొత్త కప్పు, కొత్త ట్యూబ్ ఇచ్చాను. పొద్దున్నే ఆయనను ఛాతీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమన్నాను. "నూనె సంగతి చెప్తె తిడ్తరేమో సార్" అని జంకింది. చెప్పకపోతే డాక్టర్ మామూలు న్యుమోనియా అనుకునే ప్రమాదం ఉంది. అందుకే షాపు చీటీ మీద నేనే రాసిచ్చాను: "నెబ్యులైజర్‌లో నీలగిరి తైలం, పూటకు నాలుగు చుక్కలు, ఆరు రోజులు. బుడెసోనైడ్ ఆపారు." ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.