దుబాయ్ విమానం విశాఖలో ఎందుకు దిగదు?

విశాఖకు కొత్త ఎయిర్‌పోర్టు వచ్చే భోగాపురం పేరు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ విశాఖలో అదే ప్రశ్న లేస్తుంది. గల్ఫ్ విమానాలు ఎప్పుడొస్తాయి? కొత్త ఎయిర్‌పోర్టు తెరిస్తే వాటంతట అవే వచ్చేస్తాయని కొందరు నమ్ముతున్నారు. ఊళ్లో ఉన్నది మూసేసి మమ్మల్ని నలభై యాభై కిలోమీటర్లు తిప్పుతారా అని గాజువాక, ఎన్‌ఏడీ వైపు వాళ్లు అడుగుతున్నారు. అందరి మాటా రన్‌వే చుట్టూనే తిరుగుతోంది. నా లెక్కలో ఈ కథకు ముడి పడింది 2003లో, ఢిల్లీలో.

ఇప్పటి ఎయిర్‌పోర్టు ఉన్న నేవీ వారి స్థావరం ఐఎన్ఎస్ డేగా, హుద్‌హుద్‌ తుపానుకి ఎగిరిపోయిన టెర్మినల్ పైకప్పు, ఇవన్నీ ఈ ఊరికి కొత్తగా చెప్పక్కర్లేదు. 2003లో ఏం జరిగిందో మాత్రం చాలామందికి గుర్తు లేదు. ఆ ఏడాది వాజపేయి ప్రభుత్వం ఆగ్నేయాసియాలోని ఆసియాన్ కూటమి దేశాల విమాన సంస్థలకు మన దేశంలోని 18 పర్యాటక నగరాలను తెరిచింది. ఆ నగరాలకు వారానికి ఇన్ని సర్వీసులే అన్న పరిమితి లేదు. గయ, వారణాసి, కొచ్చిన్, తిరుచిరాపల్లి ఉన్న ఆ జాబితాలో విశాఖపట్నం పేరూ ఉంది.

తర్వాత వచ్చిన విమానాలు చూడండి. 2007లో పది వేల అడుగుల కొత్త రన్‌వే, 2009లో కొత్త టెర్మినల్ అందుబాటులోకి వచ్చాయి. 2011 అక్టోబరులో సింగపూర్ నుంచి సిల్క్ఎయిర్ దిగింది. 2015లో ఎయిర్ఏషియా కౌలాలంపూర్‌ నుంచి వచ్చింది. 2017లో శ్రీలంకన్ కొలంబో నుంచి, ఆ మరుసటేడు థాయ్ ఎయిర్ఏషియా బ్యాంకాక్ నుంచి మొదలుపెట్టాయి. శ్రీలంకకూ మనతో ఇలాంటి వెసులుబాటే ఉంది. వీటిలో కొన్ని ఆగాయి, కౌలాలంపూర్, బ్యాంకాక్ సర్వీసులు 2024 ఏప్రిల్‌లో తిరిగొచ్చాయి. సిల్క్ఎయిర్ స్థానంలోకి స్కూట్ వచ్చింది. వచ్చిన విదేశీ సంస్థలన్నీ తూర్పు నుంచో దక్షిణం నుంచో వచ్చినవే. పడమటి నుంచి ఒక్కటీ లేదు.

దూరమే కారణమా అంటే, పటం మీద కొలిస్తే విశాఖ నుంచి సింగపూర్, దుబాయ్ దాదాపు సమానం. రెండూ మూడు వేల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ప్రయాణికులు లేరా అంటే, శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా వెల్డర్‌గానో ఫిట్టర్‌గానో మనిషి గల్ఫ్‌లో లేని ఊరు అరుదు. వాళ్లు రైలెక్కి విశాఖ దాటి హైదరాబాద్‌కో చెన్నైకో ముంబైకో పోయి అక్కడ విమానం పట్టుకున్నారు. రెండేళ్లకోసారి నెల సెలవు మీద వచ్చే మనిషికి ఆ పోక, రాక ఎన్ని రోజులు తింటాయో ఆ ఇళ్లవాళ్లను అడగాలి.

ఇక్కడ అడ్డుపడేది ‘పాయింట్ ఆఫ్ కాల్’ అనే మాట. రెండు దేశాల మధ్య విమానయాన ఒప్పందంలో పేరున్న ఊళ్లలోనే అవతలి దేశం విమానం దిగాలి. దుబాయ్‌తో మన ఒప్పందం వారానికి సుమారు 66 వేల సీట్లకు పరిమితం. అందులో విశాఖ పేరు లేదు. అందుకే ఎమిరేట్స్ మన దేశంలో హైదరాబాద్, చెన్నై సహా తొమ్మిది నగరాలకు వస్తుంది, ఇక్కడికి రాదు. మన సంస్థలకు మాత్రం ఈ అడ్డు లేదు, దేశంలో ఏ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచైనా ఎగరొచ్చు. కానీ ఎయిర్ ఇండియా దుబాయ్‌కి హైదరాబాద్ మీదుగా నడిపింది. ఇండిగో అబుదాబికి నేరుగా మొదలుపెట్టేసరికి 2025 జూన్ అయింది.

కేంద్రం మాటా ఒకటుంది. చిన్న నగరాలను గల్ఫ్ సంస్థలకు తెరిస్తే అవి మన ప్రయాణికులను దుబాయ్, దోహాలకు పట్టుకెళ్లి అక్కడి నుంచి ఐరోపాకు, అమెరికాకు చేరవేస్తాయి, మన సంస్థలు దూరప్రయాణాల్లో ఎప్పటికీ ఎదగవు అంటుంది. దేశం మొత్తం మీద చూస్తే ఆ మాటలో బలం ఉంది. ఆ గల్ఫ్ వలస ఊళ్లున్న ఉద్దానం నుంచి చూస్తే లేదు. ఇన్నేళ్లూ కాపాడిన ఆ మార్కెట్‌లో మన విమానం ఇక్కడి నుంచి ఎన్నిసార్లు ఎగిరింది?

భోగాపురం మీద ఆశలు పెట్టుకున్నవాళ్లు కన్నూరు సంగతి తెలుసుకోవాలి. ఈ కేరళ విమానాశ్రయం 2018 డిసెంబరులో తెరుచుకుంది. రన్‌వే 3,050 మీటర్లు, అంటే ఇప్పటి విశాఖ రన్‌వే అంతే. చుట్టూ గల్ఫ్‌కి వెళ్లే జనమే. అయినా విదేశీ సంస్థలకు అక్కడ పాయింట్ ఆఫ్ కాల్ ఇవ్వలేదు. మెట్రోలు కాని నగరాలకు కొత్తగా ఇవ్వబోమని కేంద్రం పార్లమెంటులోనే చెప్పింది. కొత్త ఎయిర్‌పోర్టు కడితే విదేశీ విమానాలు వస్తాయని హైదరాబాద్ షంషాబాద్‌ను చూపించి వాదించేవాళ్లకూ ఒక మాట: ఎమిరేట్స్, లుఫ్తాన్సా బేగంపేటలో దిగినవే. 2008 మార్చిలో ఊరి బయటికి మారేనాటికే హైదరాబాద్‌కు ఆ హక్కులున్నాయి.

ఇక భోగాపురం విషయం. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు, 2023 మేలో జగన్, ఒకే విమానాశ్రయానికి ఇద్దరు ముఖ్యమంత్రులు రెండుసార్లు శంకుస్థాపన చేశారు. నిర్మాణ సంస్థ జీఎంఆర్‌తో ఒప్పందం 2020 జూన్‌లో కుదిరింది. 2,200 ఎకరాల పైచిలుకు భూమి, 3,800 మీటర్ల రన్‌వే. అది తెరిస్తే డేగాలో పౌర విమానాలు ఆపేయాలన్నది ఒప్పుకున్న షరతు. నేవీ అవసరాలతో స్లాట్ల (విమానం దిగే, ఎగిరే సమయాల) కోసం పడిన ఇబ్బంది, 2023 నవంబరు నుంచి నెలల తరబడి రాత్రిపూట రన్‌వే మూత, ఇవి చూసినవాళ్లెవరూ మార్పు వద్దనరు. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు దారీ కలిసొస్తుంది. గాజువాక వాళ్ల బాధా నిజమే, భోగాపురం వెళ్లే బీచ్ కారిడార్ రోడ్డు ఎప్పుడు పూర్తవుతుందో వాళ్లకు చెప్పాలి. అయితే రెండు వైపులవాళ్లూ అడగాల్సిన కాగితం ఒకటుంది. అది జీఎంఆర్ దగ్గర లేదు, అమరావతిలోనూ లేదు.

అది ఢిల్లీలో పౌర విమానయాన శాఖలో ఉంది. 2024 జూన్‌లో ఆ శాఖ మంత్రి పదవి దక్కింది శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడికి. గల్ఫ్ దేశాలతో ఈసారి సీట్ల కోటా మీద మాట్లాడేటప్పుడు ఒప్పందంలో విశాఖపట్నం అన్న పేరు చేర్పించమని అడగడానికి ఈ జిల్లాలవాళ్లు ఎక్కడికో వెళ్లక్కర్లేదు, టెక్కలిలోనో పలాసలోనో ఆయన కనిపించినప్పుడు అడిగితే చాలు.